సెన్సిటివిటీ అనాలిసిస్: గ్రాఫా, చేతి సింప్లెక్సా, ఎక్సెల్ రిపోర్టా, పైథానా? ఏ ప్రశ్నకు ఏది వాడాలి

లీనియర్ ప్రోగ్రామింగ్ (ఉన్న వనరులను ఎలా పంచితే లాభం గరిష్ఠమో తేల్చే పద్ధతి) లెక్కలో ఆప్టిమల్, అంటే అన్నిటికంటే మంచి సమాధానం వచ్చిందంటే సగం పని అయినట్టే. మిగతా సగం ఆ సమాధానాన్ని ఎంతవరకు నమ్మొచ్చో తేల్చుకోవడం. మనం లెక్కలో వేసిన ధరలు, పెట్టుబడి, కూలీల సంఖ్య అన్నీ అంచనాలే. వాటిలో ఒకటి కొంచెం కదిలితే ప్లాన్ నిలబడుతుందా, మారుతుందా, మారితే ఎంత మారుతుంది? సెన్సిటివిటీ అనాలిసిస్ పని ఇదే. హనుమకొండలో ఎంబీఏ చేసేవాళ్లూ, ఇంజినీరింగ్‌లో ఆపరేషన్స్ రీసెర్చ్ చదివేవాళ్లూ, రైతు ఉత్పత్తిదారుల సంఘాల్లో లెక్కలు చూసేవాళ్లూ ప్రాజెక్టు దగ్గరికి వచ్చేసరికి ఒకటే అడుగుతారు: దీన్ని దేంతో చెయ్యాలి? నా సమాధానం ఎప్పుడూ ఒకటే. టూల్ సంగతి తర్వాత, ముందు మీ ప్రశ్న ఏ రకమో తేల్చుకోండి.

ఒక్క ఉదాహరణ పట్టుకుని చివరిదాకా నడుద్దాం. అంకెలు లెక్క కోసం వేసుకున్నవి. మీ ఊరి అంకెలు మీరు వేసుకోండి.

వరంగల్ దగ్గర ఒక రైతుకు 10 ఎకరాలుంది. చేతిలో పెట్టుబడి 4,80,000 రూపాయలు. సీజన్ మొత్తం మీద దొరికే కూలీలు 750 పనిదినాలు. పత్తికి ఎకరానికి 30,000 పెట్టుబడి, 40 పనిదినాలు, ఖర్చులన్నీ పోను 24,000 లాభం. మిర్చికి ఎకరానికి 90,000 పెట్టుబడి, 110 పనిదినాలు, 60,000 లాభం. ఎంతెంత వెయ్యాలి?

సమాధానం 7 ఎకరాలు పత్తి, 3 ఎకరాలు మిర్చి. లాభం 3,48,000. భూమి మొత్తం నిండింది, డబ్బు మొత్తం అయిపోయింది, కూలీల్లో మాత్రం 140 పనిదినాలు మిగిలాయి.

రైతు అడిగే ప్రశ్నలు నాలుగు రకాలు

మొదటిది ధర గురించి: పత్తి రేటు పడితే ఈ 7, 3 మార్చుకోవాలా? ఇది లక్ష్య ప్రమేయంలోని (మనం పెంచాలనుకునే మొత్తం లాభం సూత్రంలోని) గుణకం మారడం. రెండోది వనరు గురించి: ఇంకో లక్ష అప్పు తెస్తే లాభమా, ఇంకో రెండెకరాలు కౌలుకు తీసుకుంటే లాభమా? ఇది షరతుకు (భూమి, డబ్బు, కూలీలు ఇంతకు మించకూడదనే హద్దుకు) కుడి పక్కన ఉన్న అంకె మారడం. మూడోది కొత్త పంట: మొక్కజొన్న కూడా కలపమంటారా? నాలుగోది అన్నిటికంటే చిక్కు: మిర్చికి తామర పురుగు పట్టి మందుల ఖర్చు పెరిగితే? అప్పుడు ఎకరానికి పట్టే పెట్టుబడే మారిపోతుంది, అంటే షరతు లోపలి గుణకం మారుతుంది. ఈ నాలుగింటికీ ఒకే పద్ధతి సరిపోదు.

గ్రాఫ్: రెండే పంటలైతే దీన్ని మించింది లేదు

అడ్డంగా పత్తి ఎకరాలు, నిలువుగా మిర్చి ఎకరాలు పెట్టి మూడు గీతలు గీయండి. భూమి గీత, డబ్బు గీత కలిసే మూల (7, 3). లాభం గీత వాలు ఆ రెండు గీతల వాలుల మధ్య ఉన్నంతసేపు ఆ మూలే గెలుస్తుంది. భూమి గీతలో మిర్చి, పత్తి గుణకాల నిష్పత్తి 1, డబ్బు గీతలో 3. కాబట్టి మిర్చి లాభాన్ని పత్తి లాభంతో భాగిస్తే 1కి, 3కి మధ్య ఉండాలి. ఇప్పుడది 60 బై 24, అంటే 2.5. ఒక్క వాక్యంలో రేంజ్ మొత్తం వచ్చేసింది: మిర్చి 60,000 దగ్గరే ఉంటే పత్తి లాభం 20,000 నుంచి 60,000 వరకు ఎక్కడున్నా ప్లాన్ మారదు. పత్తి 24,000 దగ్గరే ఉంటే మిర్చి 24,000 నుంచి 72,000 వరకు.

ఎకరం లెక్కను క్వింటాలు లెక్కకు మార్చి చూడండి, దీని విలువ అప్పుడు తెలుస్తుంది. పత్తి ఎకరానికి 8 క్వింటాళ్లు అనుకుంటే, 4,000 రూపాయల తరుగుదల అంటే క్వింటాలుకు 500. అంతకు మించి పత్తి రేటు పడితే ప్లాన్ చెల్లదు. మిర్చి ఎకరానికి 15 క్వింటాళ్లు అనుకుంటే, పైకి 12,000 అంటే క్వింటాలుకు 800. కిందికి 36,000 అంటే 2,400. ఎనుమాముల మార్కెట్లో మిర్చి రేట్లు చూసేవాళ్లకు 800 ఎంత చిన్న కదలికో చెప్పక్కర్లేదు. పత్తికి మద్దతు ధర ఉంది, మిర్చికి అదీ లేదు. రిపోర్టులో ఉన్న రేంజ్‌ను మార్కెట్ యార్డు భాషలోకి ఇలా మార్చనిదే అది రైతుకు పనికిరాదు.

హద్దు దాటితే ఏమవుతుందో కూడా గ్రాఫే చక్కగా చూపిస్తుంది. మిర్చి లాభం 72,000 దాటగానే ప్లాన్ మెల్లగా జరగదు, ఒక్కసారిగా దూకుతుంది. పత్తి సున్నా అవుతుంది, డబ్బంతా మిర్చి మీదికే పోయి 5 ఎకరాల 13 గుంటలు మిర్చి, మిగిలిన నాలుగున్నర ఎకరాల పైచిలుకు బీడు. లీనియర్ మోడల్ సమాధానం మూలల మీదే నిలుస్తుంది గనుక మూల నుంచి మూలకు దూకడం దాని స్వభావం. ఏ రైతూ అలా బీడు పెట్టడు. అలాంటి సమాధానం వచ్చిందంటే మోడల్‌లో ఏదో షరతు రాయడం మరిచామని అర్థం చేసుకోవాలి, ముఖ్యంగా మిర్చి మీద గరిష్ఠ విస్తీర్ణం లాంటిది.

మూడో పంట వచ్చిందా, గ్రాఫ్ పని అయిపోయింది. అయినా మొదటిసారి నేర్చుకునేవాళ్లు దీన్ని దాటేసి ఎక్సెల్‌కు పోవద్దని గట్టిగా చెబుతాను.

చేతి సింప్లెక్స్: పరీక్షకే కాదు

సింప్లెక్స్ అంటే టేబుల్ తర్వాత టేబుల్ వేస్తూ ఒక మూల నుంచి ఇంకా మంచి మూలకు నడిచే పద్ధతి. కాకతీయ యూనివర్సిటీ అయినా, నిట్ వరంగల్ అయినా, పరీక్షలో చివరి టేబుల్ ఇచ్చి రేంజ్ తియ్యమంటారు. జార్జ్ డాంజిగ్ 1947లో ఇచ్చిన ఈ పద్ధతికి ఇంత ఆయుష్షు ఉండటానికి కారణం వేగం ఒక్కటే కాదు. చివరి టేబుల్‌లోనే సెన్సిటివిటీ సమాచారం దాదాపు మొత్తం ఉంటుంది.

మన లెక్క చివరి టేబుల్‌లో డబ్బు స్లాక్ (మిగులు) కింద ఉండే నిలువు వరుస చూడండి (డబ్బును వేలల్లో రాస్తే): పత్తి దగ్గర మైనస్ 1/60, మిర్చి దగ్గర ప్లస్ 1/60, మిగిలిన కూలీల దగ్గర మైనస్ 7/6. మాటల్లో చెప్పాలంటే, ఇంకో 60,000 తెస్తే ఒక ఎకరం పత్తి నుంచి మిర్చికి మారుతుంది. పత్తి వదిలినందుకు 24,000 పోతుంది, మిర్చి వేసినందుకు 60,000 వస్తుంది, నికరంగా 36,000. అరవై వేలకు ముప్పై ఆరు వేలు, అంటే రూపాయికి 60 పైసలు. షాడో ప్రైస్ అంటే ఇదే. అది ఎక్కడి నుంచి వచ్చిందో ఇంత స్పష్టంగా ఏ సాఫ్ట్‌వేరూ చెప్పదు.

హద్దు కూడా అక్కడే ఉంది. ఎకరం మారినప్పుడల్లా 70 పనిదినాలు అదనంగా కావాలి. మిగిలింది 140. రెండెకరాలు మారేసరికి కూలీలు అయిపోతారు. అంటే 60 పైసల లెక్క 1,20,000 అదనపు పెట్టుబడి వరకే నడుస్తుంది. ఆపైన ఎంత తెచ్చినా లాభం పైసా పెరగదు.

భూమికి ఇలాగే చేస్తే ఎకరానికి 6,000 వస్తుంది, 16 ఎకరాల వరకు. కౌలు ఎకరానికి 6,000 కంటే ఎక్కువ అడిగితే తీసుకోవద్దన్న మాట. చాలామందికి ఇది వింతగా అనిపిస్తుంది, ఎకరం పత్తికే 24,000 వస్తున్నప్పుడు కౌలు 6,000 మించకూడదా అని. డబ్బు పెరగకుండా భూమి మాత్రమే పెరిగితే, కొత్త ఎకరంలో పత్తి వెయ్యడానికి పెట్టుబడి మిర్చి నుంచి లాగాలి. ఎకరం భూమి పెరిగితే పత్తి ఎకరంన్నర పెరుగుతుంది, మిర్చి అర ఎకరం తగ్గుతుంది: 36,000 వచ్చి 30,000 పోతుంది. సగటు లాభానికి, చివరి యూనిట్ తెచ్చే లాభానికి ఉన్న తేడా ఇక్కడ చేతికి తగులుతుంది. లెనిన్‌గ్రాడ్‌లో కాంటొరొవిచ్ అనే గణితవేత్త 1939లోనే షాడో ప్రైస్ లాంటి గుణకాలతో ఉత్పత్తి ప్రణాళిక లెక్కలు వేశాడు. వనరుల వినియోగం మీద చేసిన పనికి 1975లో ఆర్థికవేత్త కూప్‌మన్స్‌తో కలిసి ఆయనకు నోబెల్ వచ్చింది.

చేతి పద్ధతి లోటు అందరికీ తెలిసిందే. నాలుగైదు షరతులు దాటితే ఓపిక ఉండదు, ఒక్క తప్పు అంకె టేబుల్ మొత్తాన్ని పాడు చేస్తుంది.

ఎక్సెల్ సాల్వర్: ఎక్కువమందికి నేను సూచించేది

సాల్వర్ అంటే ఎక్సెల్‌లో ఇలాంటి లెక్కలు చేసే యాడ్‌ఇన్. అందులో పద్ధతిగా ‘సింప్లెక్స్ ఎల్‌పీ’ని ఎంచుకోవాలి. ఇక్కడే చాలామంది జారుతారు. ముందే ఎంపికై ఉండే జీఆర్‌జీ నాన్‌లీనియర్‌ను అలాగే వదిలేస్తే సమాధానం అదే రావచ్చు గానీ, సెన్సిటివిటీ రిపోర్టులో ఎంత పెరగొచ్చు, ఎంత తగ్గొచ్చు అనే నిలువు వరుసలు ఉండవు. వాటి బదులు రెడ్యూస్డ్ గ్రేడియెంట్, లగ్రాంజ్ మల్టిప్లయర్ అని మాత్రమే ఇస్తుంది.

సరిగా చేస్తే పత్తి వరుసలో 7, రెడ్యూస్డ్ కాస్ట్ (ప్లాన్‌లో లేని పంటను ఒక ఎకరం వేస్తే లాభంలో వచ్చే మార్పు) 0, గుణకం 24,000, పెరుగుదల 36,000, తరుగుదల 4,000 అని వస్తుంది. కూలీల వరుసలో షాడో ప్రైస్ 0, పెరుగుదల దగ్గర 1ఈ+30 అని ఉంటుంది. అది తప్పు కాదు, అనంతం అని చదువుకోవాలి. మిగిలిపోయిన వనరు ఇంకెంత పెరిగినా లాభం లేదని దానర్థం.

కొత్త పంట ప్రశ్నకు ఈ రిపోర్టు బాగా పనికొస్తుంది. మొక్కజొన్నకు ఎకరానికి 20,000 పెట్టుబడి, 25 పనిదినాలు, 13,000 లాభం అనుకుని మోడల్‌లో కలపండి. సమాధానం సున్నా ఎకరాలు, రెడ్యూస్డ్ కాస్ట్ మైనస్ 5,000. ఎకరం మొక్కజొన్న తినే భూమి విలువ 6,000, డబ్బు విలువ 20,000 మీద రూపాయికి 60 పైసల చొప్పున 12,000, మొత్తం 18,000. తెచ్చేది 13,000. పశువుల మేత కోసమో, పంట మార్పిడి కోసమో ఎకరం వెయ్యక తప్పదనుకుంటే దానికయ్యే ఖరీదు 5,000 అని ముందే తెలుస్తుంది. ఈ ఒక్క అంకె కోసమైనా రిపోర్టు తీయించండి.

రెండు జాగ్రత్తలు. మిర్చి 4 ఎకరాలు మించకూడదు అనే షరతును నేరుగా ఆ వేరియబుల్ (ఎకరాలు ఉండే) సెల్ మీదే పెడితే, ఎక్సెల్ దాని షాడో ప్రైస్‌ను షరతుల పట్టికలో చూపించదు. ఆ విలువ రెడ్యూస్డ్ కాస్ట్‌లో కలిసిపోతుంది. వేరే సెల్‌లో ఫార్ములా రాసి దాని మీద షరతు పెడితే విడిగా కనిపిస్తుంది. ఇక ఏ వేరియబుల్‌కైనా పూర్ణాంకం అని షరతు పెట్టారో, సెన్సిటివిటీ రిపోర్టే రాదు. ట్రాక్టర్లు, మగ్గాలు, లారీ ట్రిప్పులు లాంటి లెక్కల్లో ఇది తప్పదు. అక్కడ అంకె మార్చి మళ్లీ సాల్వ్ చెయ్యడమే దారి.

మామూలు ఎక్సెల్ సాల్వర్ 200 వేరియబుల్స్ వరకే తీసుకుంటుంది. ప్రాజెక్టుకు అది చాలు. చాలకపోతే ఓపెన్‌సాల్వర్ అనే ఉచిత యాడ్‌ఇన్ ఉంది.

పైథాన్: రిపోర్టు కోసం కాదు, మళ్లీ మళ్లీ సాల్వ్ చెయ్యడం కోసం

పైథాన్ లైబ్రరీ సైపైలోని లిన్‌ప్రాగ్ అనే ఫంక్షన్ కనిష్ఠం మాత్రమే కనుక్కుంటుంది. మనం లాభాలను మైనస్ గుర్తుతో ఇస్తాం, కాబట్టి మార్జినల్స్‌లో (షాడో ప్రైస్‌లు ఉండే చోట) డబ్బు దగ్గర మైనస్ 0.6 కనిపిస్తుంది. గుర్తు తిప్పి చదువుకోవాలి; ఇది చూసి కంగారుపడి మోడల్ మార్చేవాళ్లున్నారు. పల్ప్ అనే ఇంకో లైబ్రరీలో షరతుకు పీఐ, వేరియబుల్‌కు డీజే అనే విలువల రూపంలో ఇవే వస్తాయి. కానీ రేంజ్‌లు ఈ రెండూ నేరుగా ఇవ్వవు. రేంజ్ కావాలంటే హైస్ సాల్వర్ సొంత పైథాన్ ఇంటర్‌ఫేస్‌లో, జీఎల్‌పీకేలో, డబ్బు పెట్టి కొనే గురోబీలో ఆ సదుపాయం ఉంది. మూలల వెంట కాకుండా లోపలి నుంచి నడిచే ఇంటీరియర్ పాయింట్ పద్ధతి ఎంచుకుంటే, చివర్లో మూలకు చేర్చే క్రాస్ఓవర్ దశ జరిగిందో లేదో చూసుకోండి. మూల లేనిదే రేంజ్ లేదు.

పైథాన్ అసలు బలం లూప్. పెట్టుబడిని లక్ష నుంచి ఎనిమిది లక్షల వరకు పది వేల చొప్పున పెంచుతూ ప్రతిసారీ సాల్వ్ చేసి లాభాన్ని గీయండి. మన లెక్కలో 3 లక్షల వరకు గీత రూపాయికి 80 పైసల వాలుతో లేస్తుంది, అక్కడంతా పత్తే. 3 నుంచి 6 లక్షల వరకు 60 పైసలు. 6 లక్షల తర్వాత గీత చదునైపోతుంది. ఎక్సెల్ రిపోర్టు చూపించేది మనం నిలబడి ఉన్న ముక్కను మాత్రమే; ఈ గీత దారి మొత్తం చూపిస్తుంది.

అప్పు నిర్ణయం దీనిమీద ఎలా నిలుస్తుందో చూడండి. నూటికి రెండు రూపాయల మిత్తికి ఎనిమిది నెలలకు తెస్తే రూపాయికి 16 పైసలు. మన లాభం పెట్టుబడి తీసేశాక మిగిలింది కాబట్టి 60 పైసలు కూడా అసలు పోను వచ్చేదే. నేరుగా 16తో పోల్చొచ్చు. (లాభం బదులు మొత్తం రాబడి వేసుకుని ఉంటే ఈ పోలిక చెల్లదు.) 1,20,000 తెస్తే 72,000 వస్తుంది, మిత్తి 19,200 పోతుంది, నికరం 52,800. అడ్తిదారు ఇస్తానన్నాడు కదా అని 2,00,000 తెస్తే వచ్చేది అదే 72,000, మిత్తి 32,000, మిగిలేది 40,000. పై 80,000 వల్ల 12,800 దండుగ.

నాలుగో రకం ప్రశ్నకు కూడా మళ్లీ సాల్వ్ చెయ్యడమే సులువు. మిర్చికి మందుల ఖర్చు ఎకరానికి 10,000 పెరిగిందనుకోండి. పెట్టుబడి 1,00,000, లాభం 50,000. లాభం తగ్గుదల రేంజ్ లోపలే ఉంది కదా అని 7, 3 మారదనుకుంటే పొరపాటు. షరతు కూడా మారింది, 3 ఎకరాల మిర్చికి ఇప్పుడు డబ్బు చాలదు. మళ్లీ సాల్వ్ చేస్తే మిర్చి రెండున్నర ఎకరాల పైన, పత్తి దాదాపు 7.43 ఎకరాలు, లాభం సుమారు 3,06,900. ఏ ప్రామాణిక రిపోర్టులోనూ ఈ అంకె ఉండదు.

అన్నీ ఒకేసారి కదిలితే

రేంజ్‌లన్నీ ‘మిగతావి మారకపోతే’ అనే షరతు మీద ఇచ్చినవి. రెండు ధరలు కలిసి కదిలినప్పుడు పాఠాల్లో వంద శాతం నియమం చెబుతారు: ఒక్కో మార్పు రిపోర్టు దానికి ఇచ్చిన పెరుగుదల లేదా తరుగుదలలో ఎంత శాతమో కూడితే 100 దాటకూడదు. పత్తి 2,000 తగ్గి (50 శాతం), మిర్చి 5,000 పెరిగితే (సుమారు 42 శాతం) మొత్తం 92, ప్లాన్ క్షేమం. కానీ 100 దాటితే ప్లాన్ మారుతుందని ఈ నియమం చెప్పదు. రెండింటి లాభమూ పావు వంతు పడిందనుకోండి: పత్తి 18,000, మిర్చి 45,000. శాతాలు కూడితే 190 దాటుతుంది. నిష్పత్తి మాత్రం అదే 2.5, ప్లాన్ కదలనే కదలదు. పరీక్షకు ఈ నియమం చదవండి. కంప్యూటర్ ముందున్నప్పుడు దీనితో పని లేదు, కొత్త అంకెలతో సాల్వ్ చెయ్యడం క్షణం పని.

రిపోర్టును నమ్మకూడని సందర్భం

కూలీలు 750 కాకుండా సరిగ్గా 610 పనిదినాలే దొరికాయనుకోండి. మూడు గీతలూ (7, 3) దగ్గరే కలుస్తాయి. దీన్నే డీజెనరసీ అంటారు. ఇప్పుడు డబ్బుకు షాడో ప్రైస్ ఎంత? ఒక సాల్వర్ 60 పైసలు అనొచ్చు, ఇంకొకటి సున్నా అని కూలీల పనిదినానికి దాదాపు 514 రూపాయలు చూపొచ్చు. లెక్క ప్రకారం రెండూ సరైనవే. డబ్బు తగ్గిస్తే రూపాయికి 60 పైసలు పోతాయి; పెంచితే మాత్రం కూలీలు లేక ఏమీ రాదు. అలాగే కూలీలను మాత్రమే పెంచినా ఏమీ రాదు, డబ్బు లేదు కాబట్టి. వట్టి షాడో ప్రైస్ చూసి అప్పు తెచ్చినవాడు ఇక్కడ మునుగుతాడు. గుర్తు పట్టడం తేలికే: నిండిపోయిన షరతు దగ్గర పెరుగుదలో తరుగుదలో సున్నా ఉంటే ఆ వరుసలోని ధరను పక్కన పెట్టండి, కుడివైపు అంకెను కొద్దిగా పెంచి ఒకసారి, తగ్గించి ఒకసారి సాల్వ్ చెయ్యండి. లక్ష్య ప్రమేయం గుణకం దగ్గర సున్నా ఉంటే మాత్రం అంతే లాభం ఇచ్చే ఇంకో ప్లాన్ కూడా ఉండొచ్చని సూచన. అది మంచి వార్త, ఎంచుకునే వీలు దొరికినట్టే.

నేనైతే ఏది ఎంచుకుంటానంటే

డిగ్రీ, ఎంబీఏ పరీక్షకైతే గ్రాఫ్, చేతి టేబుల్. రెండూ చేతికి రావాలి. ప్రాజెక్టు రిపోర్టుకైతే ఎక్సెల్, కానీ రిపోర్టు షీట్‌ను యథాతథంగా అతికించి వదిలెయ్యకండి. ప్రతి షాడో ప్రైస్ పక్కన అది ఎంతవరకు చెల్లుతుందో, స్థానిక మిత్తితో, కౌలుతో, కూలితో పోలిస్తే ఎటు తేలుతుందో ఒక వాక్యం రాయండి. వైవాలో అడిగేది దాదాపు అదే. సంఘానికో, మిల్లుకో నిజంగా నిర్ణయం చెప్పాల్సి వస్తే ఎక్సెల్ రిపోర్టుతో మొదలుపెట్టి పైథాన్ లూప్‌తో ముగిస్తాను.

ఏ టూల్ వాడినా ఒక లెక్క విడిగా వెయ్యాలి. ప్లాన్ ఎక్కడ మారుతుందో రేంజ్ చెబుతుంది గానీ, విత్తేశాక ధర పడితే ఎంత నష్టమో చెప్పదు. మిర్చి లాభం సున్నా అయిన ఏడాది 7, 3 ప్లాన్‌కు పత్తి మీద 1,68,000 వస్తుంది. అప్పు తెచ్చి 5, 5 వేసినవాడికి 1,20,000 వస్తుంది, అందులో మిత్తి 19,200 పోను 1,00,800. మంచి ఏడాది 52,800 ఎక్కువ, చెడ్డ ఏడాది 67,200 తక్కువ. ఈ రెండు అంకెలూ రైతు ముందు పక్కపక్కన పెట్టండి. ఇంట్లో పెళ్లి ఉన్నవాడు ఒకటి ఎంచుకుంటాడు, పాత అప్పు లేనివాడు ఇంకొకటి ఎంచుకుంటాడు.